మనవలు సెలవులకు రాకముందే: ఇల్లు, కొట్టం, బావి సిద్ధం చేసుకోవడం ఎలా

ఏప్రిల్ చివర్లో బడులకు తాళాలు పడగానే హైదరాబాద్ నుంచి దేవరకొండ, నాగర్‌కర్నూల్, మిర్యాలగూడ వైపు వచ్చే బస్సులు పిల్లలతో నిండిపోతాయి. జూన్ రెండో వారం దాకా ఇల్లు వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. నాలుగో అంతస్తు బాల్కనీలో పెరిగిన పిల్లవాడికి కుక్క, కోడి, బర్రె, బావి, గుట్ట అన్నీ ఒక్కసారే దొరుకుతాయి. వాటి దగ్గరికి పోకుండా ఆపడం మీ వల్ల కాదు, ఆపకూడదు కూడా. పొద్దస్తమానం ‘అటు పోవద్దు, ఇటు పోవద్దు’ అని కేకలేసే ఇంట్లోనే పిల్లలు పెద్దల కళ్లుగప్పి బావి గట్టున తేలతారు. వాళ్లు రాకముందు పెద్దలు చేసి పెట్టుకోవలసిన పనులు కొన్ని, వచ్చాక రోజును నడపవలసిన తీరు ఒకటి ఉన్నాయి. ఆ వరుసలోనే చెబుతాను.

మార్చిలో: కుక్క సంగతి

మొదట కుక్క. మీరు పెంచుకునేదే కాదు, మీ ఇంటి అన్నం తిని మీ అరుగు మీద పడుకునే వీధి కుక్క కూడా లెక్కలోకి వస్తుంది. ‘అది మాది కాదు, ఊరిది’ అని మీరు అనుకోవచ్చు. పిల్లవాడు మాత్రం రెండో రోజుకే దానికి పేరు పెట్టి, మూడో రోజుకు మెడ చుట్టూ చేతులు వేస్తాడు. కాబట్టి రెండింటికీ రేబిస్ టీకా వేయించండి. సూది వేసిన మర్నాటికే రక్షణ రాదు, మూడు నాలుగు వారాలు పడుతుంది. పిల్లలు ఏప్రిల్ చివర వస్తారంటే మార్చిలోనే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) పేరుతో ఈ టీకా ఉచితంగా వేస్తారు, కానీ అప్పటికి సెలవులు ముగిసిపోతాయి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక మొదటి సూది, డాక్టరు రాసిన తేదీకి బూస్టర్, ఆ తర్వాత ఏడాదికొకటి. వెళ్లినప్పుడే నులిపురుగుల మందు కూడా అడగండి.

ఇంటికి వచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వేలు పెట్టి వెతకండి. రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బిన పిడుదులు తగులుతాయి. వీటికి పశువుల డాక్టరు ఇచ్చే మందే వాడాలి. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందును నీళ్లలో కలిపి కుక్కకు పూసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, పిల్లవాడు ఆ ఒళ్లు నిమిరి అదే చేత్తో మామిడికాయ తింటాడు. ఇక చెప్పనక్కరలేదు.

పిల్లలు వచ్చిన రోజే, సంచులు దించకముందే, మూడు మాటలు చెప్పండి. తింటున్న కుక్క జోలికి, నిద్రపోతున్న కుక్క జోలికి, పిల్లల్ని పెట్టుకున్న కుక్క జోలికి పోకూడదు. తెలియని కుక్క మీదికి వస్తే పరుగెత్తకూడదు. చేతులు ఛాతీకి కట్టుకుని, చూపు నేలకు దించి, కదలకుండా నిలబడితే అది వాసన చూసి పోతుంది. కింద పడితే మోకాళ్లు ముడుచుకుని, చేతులతో మెడా చెవులూ కప్పుకోవాలి. ఇది చెబితే రాదు. మీరే కుక్కలా మీదికి వచ్చి పిల్లలతో ఆడించండి. పడీపడీ నవ్వుతారు, కానీ గుర్తుంటుంది.

కరిచినా, గోరు గీసుకుపోయినా, చర్మం లేచిన చోట నాకినా ముందు చేయవలసినది ఒక్కటే: ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. ఫోనులో గడియారం చూసుకుంటూ కడగండి, ఎందుకంటే ఏడుస్తున్న పిల్లవాడి ముందు రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తాయి. పసుపు, కారం, సున్నం, పెట్రోలు ఏదీ పెట్టకండి. కట్టు కట్టకండి. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో సూదులు ఉంటాయి. కండకు వేస్తే 14వ రోజు మరొకటి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాలి. ఇది ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండదు, కాబట్టి ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో పోవాలని ముందే తెలుసుకుని ఉండండి. కరిచింది టీకా వేసిన మన కుక్కే అయినా డాక్టరుకు చూపించాలి. దాన్ని పది రోజులు కట్టేసి గమనించాలి, కొట్టి చంపకూడదు. అది చచ్చిపోతే గమనించడానికి ఏమీ మిగలదు.

పిల్లి కరిచినా, కోతి కరిచినా ఇదే వైద్యం. కోతుల బెడద లేని ఊరు ఇప్పుడు మన వైపు వెతికినా దొరకదు. పిల్లల చేతిలో అరటిపండు గానీ కవరు గానీ కనబడకూడదు. కోతి కళ్లలోకి చూడటం, పళ్లు కనిపించేలా నవ్వడం దానికి కయ్యానికి పిలుపే. అది లాక్కుంటే వదిలేయమని చెప్పండి.

ఏప్రిల్‌లో: కోళ్లు, కొట్టం

ఎండలు మొదలైతే కోళ్లకు కొక్కెర వ్యాధి వస్తుంది. వచ్చిందంటే ఊళ్లో గంపలకు గంపలు ఖాళీ అవుతాయి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో టీకా చుక్క, రెండో నెలలో సూది వేయిస్తే ఆ గోల ఉండదు. పశువైద్యశాలలో అడిగితే చెబుతారు. మీ ఊరికి డాక్టరు దూరమైతే పశువుల అత్యవసర వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు.

పిల్లలకు కోళ్ల దగ్గర ఒక పని అప్పగించండి. పొద్దున్నే గంప ఎత్తి కోళ్లను వదలడం, గుడ్లు ఏరడం, మట్టి మూకుడులో నీళ్లు మార్చడం. పని ఉన్న పిల్లవాడు కోడిని తరమడు. పిల్లల కోడి దగ్గరికి మాత్రం వంగి ముఖం పెట్టనివ్వకండి, అది ఎగిరి కంట్లోనే పొడుస్తుంది. కోళ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగందే పళ్లెం ముందు కూర్చోబెట్టకండి. రెట్టలోని క్రిములతో విరేచనాలు మొదలవుతాయి.

కొట్టంలో నేర్పవలసినవి ఇంకొన్ని. బర్రె వెనుక నుంచి పోకూడదు. పక్కగా, అది చూసేటట్టు, పిలుస్తూ వెళ్లాలి. పలుపు చేత పట్టుకోవచ్చు గానీ మణికట్టుకు చుట్టుకోకూడదు. ఇది పెద్దవాళ్లే మరిచిపోతారు. బర్రె దేనికో బెదిరి పరుగందుకుంటే చుట్టుకున్న చెయ్యి దాంతోనే పోతుంది. పలుపును మడతలుగా అరచేతిలో పట్టుకునే తీరు మీరే చేసి చూపించండి. వదలాలంటే వేళ్లు తెరిస్తే చాలు. మేకపిల్లను ఎత్తుకుంటానంటే ఎత్తుకోనివ్వండి, అంతకు మించిన ఆనందం వాళ్లకు సెలవుల్లో దొరకదు. మూతి మీద పుండ్లున్న మేకపిల్లనో గొర్రెపిల్లనో మాత్రం ముట్టుకోనివ్వకండి, ఆ పుండ్లు చేతులకు అంటుతాయి.

గుమ్మపాల మాట ఒకటుంది. పితికిన పాలు నురగతో సహా గ్లాసులో పోసి మనవడికి తాగించడం తాతలకు పెద్ద సరదా. మానండి. పశువులకు ఉండే బ్రూసెల్లా జ్వరం పచ్చిపాల ద్వారా కూడా మనుషులకు వస్తుంది. అది నెలల తరబడి వదలని జ్వరం, కీళ్ల నొప్పులు. ఒక పొంగు రానిచ్చి ఇవ్వండి. జున్ను ఎలాగూ ఉడుకుతుంది కాబట్టి దానికి అడ్డు లేదు.

తాగే నీళ్లు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్లకు పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడు గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. అయినా ఒక పొరపాటు ఇంకా వినిపిస్తుంటుంది: నీళ్లు కాచితే ఫ్లోరైడు పోతుందని. పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. దానికి రంగు, రుచి, వాసన లేవు, కాబట్టి బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయన్నది ధైర్యం కాదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టింది. ఎంత పటిక వేయాలన్నది నీటి పరీక్షను బట్టి ఉంటుంది, ఇంట్లో అందాజుగా వేసేది కాదు. తాగడానికి, వండటానికి మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు, స్నానానికి, పశువులకు బోరు నీళ్లు అని బిందెలు వేరు పెట్టుకోండి. నెల రోజులకు వచ్చే మనవల కన్నా ఏడాదంతా అక్కడే పెరిగే చిన్నపిల్లలకే ఇది ముఖ్యం. శాశ్వత దంతాలు తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపండి. సగం పొట్లం గ్లాసులో వేస్తే లెక్క తప్పుతుంది. కలిపింది ఆ రోజుకే. ఆశ కార్యకర్త దగ్గర జింకు బిళ్లలు కూడా ఉంటాయి. విరేచనాలు ఆగినా అవి పద్నాలుగు రోజులు వేయాలి.

వచ్చాక: రోజును రెండు ముక్కలు చేయండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన వైపు రోహిణి దాకా కూడా ఆగదు. పొద్దున ఐదున్నర నుంచి పది దాకా ఒక రోజు, సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి దాకా ఇంకో రోజు అనుకోండి. ఆటలన్నీ, బావీ, గుట్టా, చేనూ ఆ రెండింట్లోనే. నడిమధ్యాహ్నం ఇంటి లోపల. టీవీకి అప్పగిస్తే మీకు హాయే గానీ, చింతగింజలు తెచ్చి ఓనగుంటలు, నేల మీద సుద్దతో అష్టాచెమ్మా గీసి ఇవ్వండి. ఓడినవాళ్లు గెలిచేదాకా లేవరు.

పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం ఉప్పేసిన పలుచని మజ్జిగ, దొరికిన రోజు తాటి ముంజలు. పిల్లలు దాహమని అడిగేదాకా ఆగకండి, ఆటలో పడితే అడగరు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలలేదన్నట్టు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, పిలిస్తే పలకకపోతే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి, 108కు ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. సాయంత్రం బర్రెల మీద నీళ్లు పోసే పని పిల్లలకే ఇవ్వండి. బర్రెలకూ చల్లదనం, వీళ్లకూ స్నానం.

బావి

ఈత నేర్పడం మంచిదా, బావి దగ్గరికే రానివ్వకపోవడం మంచిదా అంటే, నేర్పడమే. ఆరేడేళ్లు నిండిన పిల్లలకు నేర్పవచ్చు. అయితే ఒక్క రోజులో అయ్యేది కాదు, ఒక్క మనిషితో అయ్యేది అంతకన్నా కాదు. నీళ్లలో ఒకరు, గట్టు మీద ఒకరు, ఇద్దరికీ ఈత వచ్చి ఉండాలి. నీళ్లలో ఉన్నవారికి ఒకసారి ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ వద్దు.

ముందురోజే వెళ్లి మెట్లు తొక్కి చూడండి. కదిలే రాయి, పాకుడు, గోడ సందుల్లో పాము పొర కనిపిస్తే ఆ బావి వదిలేయండి. వెదురు బొంగు దించి లోతు చూసుకోండి. ఏళ్లుగా వాడని, గాలి ఆడని లోతు బావిలోకి పెద్దవాళ్లు కూడా దిగకూడదు, అడుగున ఊపిరాడదు.

ఆ రోజు అన్నిటికంటే ముందు చేయవలసింది మోటారు పని. బటన్ నొక్కి ఆపితే సరిపోదు. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు తనంతట తానే తిరుగుతుంది. తీగ ఎక్కడైనా తెగి ఉంటే నీళ్లలో ఉన్నవాళ్లందరికీ షాకే. డబ్బాలో ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. పక్క చేను వాళ్ల మోటారు కూడా అదే బావిలో ఉంటే వాళ్లకు చెప్పి, వాళ్లవీ తీయించండి.

నడుముకో వీపుకో కట్టడానికి ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు గానీ, మూత బిగించిన ఐదు లీటర్ల నూనె డబ్బా గానీ, గాలి నింపిన ట్యూబు గానీ చాలు. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా వద్దు. తాడు చంకల కిందుగా ఛాతీ చుట్టూ కట్టాలి. లాగితే బిగిసే ఉచ్చుముడి వేయకూడదు. రెండో కొస గట్టు మీది మనిషి చేతిలో ఉండాలి, చెట్టుకు కాదు.

మొదటి రోజు ఈత లేదు. ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టి, నీళ్లలో ముఖం పెట్టి బుడగలు ఊదమనండి. ముక్కులోకి నీళ్లు పోకుండా ఊపిరి వదలడం వచ్చేదాకా అదే ఆట. రెండో మెట్టు పట్టుకుని కాళ్లు కొట్టడం తర్వాతి పని. మోకాళ్లు వంచి తన్నితే నీళ్లు ఎగురుతాయి గానీ ఒళ్లు కదలదు. తొడల నుంచి కొట్టించండి. అది కుదిరాక బుర్రలు కట్టి మీ చేతి నుంచి మెట్టు దాకా రెండు బారల దూరం. అలవాటైన కొద్దీ బుర్ర ఒకటి తీసేయండి, తర్వాత రెండోది. తాడు మాత్రం ఆఖరు దాకా ఉండాలి. గట్టు మీది నుంచి నెట్టేస్తే తనే నేర్చుకుంటాడనే మామయ్యలు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లను ఆ రోజు ఇంకేదైనా పనికి పంపించండి.

ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. తాడు, చీర, కొమ్మ, ట్యూబు ఏది అందితే అది విసరండి. బయటికి తీశాక తలకిందులు చేసి తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం చేయకూడదు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో రెండుసార్లు ఊది, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కాలి. 108 వచ్చేదాకా ఇదే మళ్లీ మళ్లీ. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లవలసిందే.

సాగర్ ఎడమ కాలువలో మాత్రం ఎంత ఈత వచ్చినా దిగనివ్వకండి. సిమెంటు వాలు మీద కాలు నిలవదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైకి నెమ్మదిగా కనిపించే నీళ్లు లోపల ఈడ్చుకుపోతాయి. చెరువుల్లో మొరం తీసిన గుంతలు, క్వారీ గుంతలు కూడా అంతే. మోకాలి లోతు అనుకుని వేసిన అడుగు పక్కనే నిలువు లోతు ఉంటుంది.

రాత్రి పడక

వాకిట్లో నక్షత్రాల కింద పడుకోవాలని పిల్లలు గొడవ చేస్తారు. పడుకోనివ్వండి, కానీ నేల మీద చాప వద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లనే కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచిన పిల్లవాడికి కనురెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే వాము నీళ్లు ఇస్తూ కూర్చోకండి, బండి తీయండి. నులక మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపడం. ఇంతే జాగ్రత్త. కట్టెల మోపు గోడకు దూరంగా మార్చండి. కోళ్ల గింజలు రాత్రి నేల మీద మిగలనివ్వకండి, గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం, మంత్రం ఏదీ వద్దు. కరిచిన చెయ్యి గానీ కాలు గానీ కదలకుండా కర్రకు వదులుగా కట్టి, నడిపించకుండా ఎత్తుకుని, పాము విషానికి సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పామును వెతుకుతూ సమయం పోగొట్టకండి. ఎర్ర తేలు కుట్టి పిల్లవాడికి చెమటలు, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం మొదలైతే అదీ ఆసుపత్రి పనే. పొద్దున చెప్పులు దులిపి వేసుకోవడం అలవాటు చేయండి.

ఒక రోజు బయటికి

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి పిల్లలకు తప్పక చూపించండి. దాదాపు ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. చెట్టుకు సెలైనా అని పిల్లలు నోరు తెరుస్తారు. పొద్దున్నే బయలుదేరి పదకొండు లోపు తిరుగుముఖం పట్టండి. కోతులు లాక్కోకుండా అన్నం డబ్బా బండిలోనే తెరవండి.

వెళ్లేటప్పుడు

కుక్క కరిచిన సూదులు మధ్యలో ఉండగా సెలవులు అయిపోతే, ఆసుపత్రి చీటీ ఫోటో తీసి అమ్మానాన్నలకు పంపి, అసలుది పిల్లవాడి సంచిలో పెట్టండి. మిగిలిన సూదులు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో అవే తేదీలకు వేయించాలి. గాయం మానిపోయిందని 28వ రోజుది వదిలేసేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఆ రోజు మీరే ఫోన్ చేయండి. కుక్కపిల్లను తీసుకుపోతానని మనవరాలు పట్టుబడితే, రెండు నెలలు నిండనిది తల్లి నుంచి వేరు చేయకండి. నిండిన దానికైతే వేసిన టీకాల పుస్తకం ఇచ్చి, తర్వాతి సూది తేదీ చూపించి, పొద్దున ఆరుకు దాన్ని మెట్లు దించి తిప్పేదెవరో వాళ్ల అమ్మను అడిగాకే బండి ఎక్కించండి.